కూర్చునే చోటు, నీడ నిబంధనల్లోకి రావాలి

సంపాదకులకు నమస్కారం.

కొత్తగా ప్రారంభమయ్యే పార్కులు, ప్రాంగణాలు చాలావరకు ఫొటోకు తగ్గట్టు కడుతున్నవే. నున్నటి రాతి నేల, నడుమ ఫౌంటెను, చుట్టూ గొలుసు కట్టిన పచ్చిక. ఉన్న ఒకటి రెండు బల్లలూ మిట్టమధ్యాహ్నపు ఎండలో కాలుతుంటాయి. వీపు ఆన్చడానికి ఏమీ ఉండదు, లేచేటప్పుడు చేతికి ఆసరా ఉండదు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవారు అలాంటి బల్ల మీద ఒకసారి కూర్చుంటే మళ్లీ ఆ దరిదాపులకు రారు.

తప్పంతా కట్టినవారిదే అనలేం. ఎంత ఖాళీ స్థలం వదలాలో నిబంధనలు లెక్కగట్టి చెబుతాయి. అందులో మనిషి ఎక్కడ కూర్చోవాలో, నీడ ఎక్కడ పడాలో చాలాచోట్ల చెప్పవు. న్యూయార్క్ నగరం ఈ దారిలో ఎప్పుడో నడిచి దెబ్బతింది. భవనం ముందు ప్రజల కోసం ప్రాంగణం వదిలితే అదనపు విస్తీర్ణం కట్టుకోవచ్చని 1961లో అక్కడ నిబంధన తెచ్చారు. బిల్డర్లు స్థలం వదిలారు, అదనపు అంతస్తులు లేపుకున్నారు. చాలా ప్రాంగణాలు మాత్రం బోసిపోయాయి. కారణం తెలుసుకోవడానికి నగర జీవనాన్ని పరిశీలించిన రచయిత విలియం హెచ్. వైట్ 1970ల్లో కెమెరాలు పెట్టి, జనం ఎక్కడ ఆగుతున్నారో, ఎక్కడ కూర్చుంటున్నారో ఓపిగ్గా గమనించారు. ప్రాంగణం ఎంత పెద్దదన్న దానికంటే కూర్చోవడానికి ఎంత చోటుందన్నదే ముఖ్యమని తేలింది. 1975లో నిబంధన మారింది: ప్రతి 30 చదరపు అడుగుల ప్రాంగణానికి ఒక అడుగు పొడవున కూర్చునే చోటు ఉండాలి. చిన్న వాక్యమే, కానీ అమలు చేయించగలిగిన వాక్యం.

అదే నగరంలో మత్తుమందుల అమ్మకాలకు అడ్డాగా మారిన బ్రయంట్ పార్కును కూడా పొదలు కొట్టి, లోపలికి చూపు ఆనేలా దారులు వెడల్పు చేసి, నేలకు బిగించని కుర్చీలు వేసి 1992లో తిరిగి తెరిచారు. కుర్చీలు ఎత్తుకుపోతారని జంకకుండా వేశారు. జనం వాటిని నీడలోకి లాక్కుని కూర్చుంటారు.

నీడ సంగతికి వస్తే మరీ అన్యాయం. మొక్క నాటుతారు, మొదలు చుట్టూ బెత్తెడు మట్టి వదిలి మిగతాదంతా సిమెంటుతో కప్పేస్తారు. చెట్ల వేళ్లు ఎక్కువగా మీటరు లోతులోపే అడ్డంగా పాకుతాయి. వాటికి నీటితోపాటు గాలి కూడా కావాలి. రోలరుతో తొక్కించిన నేలలో రెండూ అందవు. చెట్టు గిడసబారుతుంది, లేదా వేళ్లు లావెక్కి పలకలను లేపుతాయి. అప్పుడు నేరం చెట్టు మీద పడుతుంది, రంపం వస్తుంది. మొక్కల మడులనూ దారికంటే ఎత్తులో కట్టి, వాన నీటిని రోడ్డు మీదికి వదిలేస్తారు. మడిని జానెడు కిందికి దించి, అంచు రాళ్ల మధ్య ఖాళీలు వదిలితే ఆ నీరు చెట్టుకే చేరుతుంది. దీనికి పెద్ద ఖర్చేమీ లేదు.

నేల వాలు, నీటి దారి, నీడ కదలిక, మనుషుల నడక: బహిరంగ స్థలాలకు రూపకల్పన చేసే ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్టులు చదివేదే ఇది. వారిని మాత్రం అంతా కట్టేశాక, మిగిలిన మూలల్లో ఏ పూలకుండీ పెట్టాలో అడగడానికి పిలుస్తున్నారు. 1858లో న్యూయార్క్‌లోని సెంట్రల్ పార్కు నమూనాల పోటీలో గెలిచిన ఒల్మ్‌స్టెడ్, వాక్స్ అనే ఇద్దరు రూపకర్తలు ఆ పార్కును అడ్డంగా దాటే నాలుగు రోడ్లను నేలమట్టానికి దిగువన వేయించారు. నడిచేవారికి బండ్ల బెడద తప్పింది. పూలకుండీల దశలో పిలిచి ఉంటే వారు ఆ పని చేయగలిగేవారా?

అధికారులకు నా విన్నపం ఇది. ప్రజల డబ్బుతో కట్టే ఏ బహిరంగ స్థలానికైనా టెండరుకు ముందే ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్టు నమూనా తప్పనిసరి చేయండి. ఎంత కూర్చునే చోటు, మధ్యాహ్నం ఎంత నీడ, ఒక్కో చెట్టుకు ఎంత మట్టి అన్నది అందులో అంకెల్లో ఉండాలి. నాటిన చెట్లు నిలదొక్కుకునే వరకు నీరు పోసే ఖర్చునూ అదే అంచనాలో చేర్చండి. ఆ నమూనాను ఆమోదానికి ముందే ప్రజల ముందు పెట్టండి.

— ఒక పాఠకురాలు