నీ సైన్యం నీ మాట వింటోంది మామా

ఒరేయ్ మామా,

ఎలా ఉన్నావు? ఇంట్లో అందరూ కులాసాయేనా? రాత్రి రెండింటికి నువ్వు పెట్టిన వాయిస్ మెసేజ్‌లన్నీ పొద్దున తీరిగ్గా విన్నాను. వెస్‌నాత్, అదే గళ్ల మ్యాప్ మీద వంతులవారీగా సైన్యాన్ని నడిపే మన కంప్యూటర్ గేమ్, దాని గొడవ నాలుగు ముక్కల్లో తేలే సంగతి కాదని ఇలా కూర్చుని రాస్తున్నాను. "ఈ వెస్‌నాత్‌లో ఏదో బగ్ ఉంది, ఒక చోటికి పొమ్మంటే ఇంకో చోటికి పోతున్నారు, అన్‌ఇన్‌స్టాల్ చేసేస్తున్నా" అన్నావే, దయచేసి ఆ పని చెయ్యకు. నువ్వు చెప్పినవన్నీ ఒక్కొక్కటే విడదీసి చూశాను. దాదాపు ప్రతిదానికీ కారణం దొరుకుతోంది.

ముందు గుర్రపు రౌతు సంగతి. పడమటి ఊరు ఎదురుగా కనిపిస్తోంది, మధ్యలో కాస్త అడవి, అంతే. వీడేమో వెనక్కి తిరిగి దక్షిణం నుంచి చుట్టు తిరిగి బయల్దేరాడు. అంతేగా? నువ్వు మ్యాప్ మీద గళ్లు లెక్కపెట్టావు. కంప్యూటర్ గళ్లు లెక్కపెట్టదు రా, మూవ్‌మెంట్ పాయింట్లు, అంటే నడకకి ఖర్చయ్యే పాయింట్లు లెక్కపెడుతుంది. రౌతుకి టర్న్‌కి, అంటే ఒక్కో వంతుకి, 8 పాయింట్లు. పచ్చిక మీదా, ఊళ్లోనూ గడికి 1, అడవిలో గడికి 3. నువ్వు చెప్పినదాన్ని బట్టి దారిలో మూడు అడవి గళ్లున్నాయి, వాటి తర్వాత ఊరు. కాగితం మీద తొమ్మిదీ ఒకటీ పది. అసలు సంగతి ఇక్కడే ఉంది, జాగ్రత్తగా చూడు. మొదటి రెండు అడవి గళ్లకి 6 పోతే వాడి దగ్గర మిగిలేది 2. మూడో గడికి 3 కావాలి. సరిపడా పాయింట్లు లేకపోతే ఈ గేమ్‌లో గడిలోకి అడుగు పెట్టనివ్వరు. అంటే ఆ 2 వృథా. కంప్యూటర్ ఆ వృథాని కూడా ఖర్చు కిందే రాసుకుంటుంది. అప్పుడు అడవి దారి ఖరీదు 12 అవుతుంది. దక్షిణం వైపు పచ్చిక మీదుగా పదకొండు గళ్లే ఉంటే ఆ దారి 11. చవక దారే పట్టించింది. వాడు వెనక్కి తిరగడం నీకు పారిపోతున్నట్టు కనిపించింది గానీ, పాపం నిజంగానే దగ్గర దారిలో వెళ్తున్నాడు.

అదే కొండ అడ్డమొస్తే ఇంకా విచిత్రంగా ఉంటుంది. రౌతులు పర్వతం గడి అసలు ఎక్కలేరు. మరుగుజ్జు యోధుడికి అదే పర్వతం గడికి 1. వాడికి టర్న్‌కి ఉండేవి 4 పాయింట్లే అయినా, కొండల్లో నీ గుర్రాన్ని వెనక్కి నెట్టేస్తాడు. కాబట్టి పదిమందిని ఒకే చోటికి పంపితే పదిమందీ ఒకే దారిలో పోతారని ఎప్పుడూ అనుకోకు. యూనిట్ మీద, అంటే సైనికుడి బొమ్మ మీద, రైట్ క్లిక్ చేసి దాని వివరాలు తెరిస్తే ఏ నేలకి ఎంత ఖర్చో పట్టిక ఉంటుంది. నా మాట విని రౌతుదీ, ఈటెవాడిదీ పక్కపక్కన పెట్టి ఒకసారి చదువు.

ఇక ఈటెవాడు. "ఐదు గళ్లు నడిచేవాడు రెండు గళ్లు నడిచి ఆగిపోయాడు, అదీ పచ్చిక మీద" అన్నావు. ఇది వినగానే నాకు అనుమానం వచ్చింది. నీ ఎదురుగా ఉన్నది ఎల్ఫ్‌ల సైన్యం కదా? అందులో షామన్ అనే ఆడ మనిషి ఉంటుంది, చూడ్డానికి ఏమాత్రం ప్రమాదకరంగా కనిపించదు. ఆవిడ తీగలు విసిరి కొడితే దెబ్బ తక్కువే తగులుతుంది గానీ, తగిలినవాడు 'స్లో' అవుతాడు. తన టర్న్ ముగిసేదాకా వాడు కొట్టే దెబ్బ సగం, నడకకి అయ్యే ఖర్చు రెట్టింపు. అంటే పచ్చిక గడికి 2. ఉన్న 5 పాయింట్లలో రెండు గళ్లకి 4 పోయాయి, మిగిలిన 1 ఎందుకూ పనికిరాలేదు. నువ్వు చెప్పిన రెండు గళ్లు సరిగ్గా సరిపోయాయి చూశావా! అవతలివాళ్ల టర్న్‌లో జరిగిపోతుంది కాబట్టి మనం గమనించం. ఈసారి అలా జరిగితే యూనిట్ వివరాల దగ్గర చిన్న నత్త బొమ్మ ఉందేమో చూడు. నా మటుకు నాకు, షామన్ కనిపిస్తే మిగతావాళ్లని వదిలేసి ముందు ఆవిడ మీదకే పోవాలనిపిస్తుంది.

అడవి అంచున నీ పటాలం మొత్తం ఆగిపోయిన గొడవ రెండు రకాలుగా జరిగి ఉండొచ్చు. ఆగినప్పుడు శత్రువు కనిపించాడని మెసేజ్ వచ్చిందా, లేక ఆంబుష్, అంటే మాటు వేసి పట్టుకున్నారని వచ్చిందా? నువ్వు చెప్పలేదు. మొదటిదైతే టెన్షన్ పడక్కర్లేదు. ఫాగ్‌లోంచి, అంటే మనవాళ్ల చూపు చేరని చోటుని కప్పే మసకలోంచి, కొత్తగా ఒకడు బయటపడ్డాడు కాబట్టి, నువ్వు మళ్లీ ఆలోచించుకుంటావేమోనని గేమ్ ఆపింది. పాయింట్లు అలాగే ఉంటాయి. కీబోర్డులో T కీ నొక్కితే మిగిలిన నడక సాగుతుంది. రెండోదైతే అక్కడ వోస్ దాక్కుని ఉంది. అది నడిచే చెట్టు. అడవిలో ఉన్నంతసేపూ, మనవాడు పక్క గడికి వచ్చేదాకా కనిపించదు. దాన్ని మొదట కనిపెట్టినవాడికి మిగిలిన పాయింట్లన్నీ అక్కడికక్కడే సున్నా. ఇక ఆ టర్న్‌కి వాడు కదలడు. కాబట్టి ఎల్ఫ్‌లతో ఆడేటప్పుడు అడవి పక్కగా ముందు ఒక్కణ్ణే పంపు, వెనకే మంత్రగాణ్ణి ఉంచు. మంత్రగాడి నిప్పుకి వోస్ తట్టుకోలేదు.

జోన్ ఆఫ్ కంట్రోల్ నీకు తెలిసిందే కదా, దాని గురించి ఎక్కువ చెప్పను. శత్రువు చుట్టూ ఉన్న ఆరు గళ్లలో దేంట్లో అడుగు పెట్టినా నడక అక్కడితో ఆగుతుంది. ఒక్క సంగతి మాత్రం గుర్తుంచుకో, లెవెల్ 0 వాళ్లకి, అంటే అన్నిటికంటే కింది స్థాయి వాళ్లకి, ఆ జోన్ ఉండదు. గబ్బిలాన్నో గాబ్లిన్‌నో అడ్డుపెట్టి దారి కాశాననుకుంటే శత్రువు దాని పక్కనుంచే దూసుకుపోతాడు. మన ఫెన్సర్‌కైతే, అదే కత్తిసాము చేసేవాడికి, ఎవరి జోనూ అడ్డు కాదు.

నిన్ను బాగా భయపెట్టింది ఆఖరిది. "నేను మౌస్ ముట్టుకోకుండానే, టర్న్ మొదలవగానే ఇద్దరు వాళ్లంతట వాళ్లే కదిలి శత్రువు ఒళ్లోకి పోయారు" అన్నావు. ఒక టర్న్‌లో చేరలేనంత దూరం చూపించి క్లిక్ చేస్తే గేమ్ ఆ ఆజ్ఞని గుర్తుపెట్టుకుంటుంది. తర్వాతి టర్న్ మొదట్లోనే మిగిలిన నడక తనే మొదలుపెడుతుంది. ఈలోగా యుద్ధం ఎటు తిరిగిందో దానికి పట్టదు. ఆ యూనిట్ మీద మౌస్ పెడితే అది ఎటు పోవాలనుకుంటోందో అడుగుల గుర్తులు కనిపిస్తాయి. టర్న్ ముగించే ముందు ఓసారి అందరి మీదా మౌస్ తిప్పు. ఎవరికైనా పాత ఆజ్ఞ ఉంటే కొత్త చోటు చూపించు, పాతది పోతుంది. కదిలిపోయాక చూసుకున్నా U కీ నొక్కితే (అన్‌డూ) వెనక్కి వస్తారు. కాకపోతే ఆ నడకలో ఫాగ్ తొలగి కొత్త చోటు కనిపించి ఉంటే అన్‌డూ పనిచెయ్యదు. అది న్యాయమే, చూసినదాన్ని చూడలేదని ఎలా అంటాం! అందుకే నేను దూరప్రయాణాల ఆజ్ఞలు వెనక కోట నుంచి వచ్చే కొత్తవాళ్లకి మాత్రమే ఇస్తాను. శత్రువు రెండు టర్న్‌ల దూరంలో ఉన్నాడంటే ప్రతివాణ్ణీ చేత్తోనే నడిపిస్తాను. టర్న్ ముగించే ముందు కంట్రోల్ వీ నొక్కితే శత్రువు ఎక్కడిదాకా రాగలడో కూడా కనిపిస్తుంది. కనిపించే శత్రువుల వరకే సుమా.

అన్నట్టు, నీకు ముందుముందు సిల్వర్ మేజ్ అనే పై స్థాయి మంత్రగాడు వస్తే కంగారు పడకు. మన సొంత ఊళ్లలో ఖాళీగా ఉన్న ఒకదాన్నుంచి ఇంకోదానికి ఆయన మాయమై తేలగలడు. పక్క ఊరికి పొమ్మంటే మ్యాప్ ఆ చివర తేలి అక్కణ్ణుంచి నడిచి వస్తున్నాడంటే, అదే తక్కువ ఖర్చన్నమాట.

2003లో డేవిడ్ వైట్ మొదలుపెట్టిన ఈ గేమ్‌ని ఇన్నేళ్లుగా వలంటీర్లే పోషిస్తున్నారు, పైసా తీసుకోకుండా ఇస్తున్నారు. దాచిపెట్టిన రూల్ అంటూ ఏదీ ఉండదు, అన్నీ హెల్ప్‌లోనే రాసి ఉంటాయి. ఇది నాకు ఎంత ఇష్టమో నీకు తెలుసుగా.

నాకు అర్థం కానిది ఒక్కటే మిగిలింది. వంతెన దగ్గర నీ రెండో రౌతు అసలు కదలనే లేదన్నావే, అది. గేమ్ ప్రతి టర్న్‌కీ ఆటోసేవ్ చేస్తుంది. అది జరిగిన టర్న్‌దీ, దాని ముందు టర్న్‌దీ రెండు ఫైళ్లూ నాకు మెయిల్ చెయ్యి. నువ్వు ఆడుతున్న వెర్షన్ నంబర్ కూడా రాయి, వేరే వెర్షన్ అయితే నా దగ్గర తెరుచుకోకపోవచ్చు. ఆదివారం మధ్యాహ్నం ఖాళీగానే ఉంటాను, ఫోన్ చెయ్యి, ఇద్దరం కలిసి చూద్దాం. అత్తయ్యగారికి నా నమస్కారాలు చెప్పు.

నీ పాత రూమ్మేట్