ముందు తూకం వేయించండి: పురావస్తువుల బాధ్యత చూసే మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయ మంత్రిగారికి నమస్కారములు.

కొచ్చి, ముంబయి, కోల్‌కతా యూదు ప్రార్థనా మందిరాల్లో మిగిలిన వెండి ఆరాధన సామగ్రికి ఫొటోలతో, తూకాలతో జాబితా రాయించమని మాలాంటివారు పెట్టుకున్న అర్జీలు ఏ బల్ల మీద నిద్రపోతున్నాయో తెలియక ఇలా బహిరంగంగా రాయవలసి వచ్చింది.

కొచ్చి యూదులు తమ పవిత్ర గ్రంథమైన తోరా చుట్టను నిలువుగా రెండు తలుపుల్లా తెరుచుకునే కర్ర పెట్టెలో ఉంచుతారు. ఆ పెట్టెకు వెండి రేకు తొడిగి, దాని మీద లతలను, పువ్వులను ఉబ్బెత్తుగా తేల్చిన పనితనం స్థానిక కంసాలులది. 1568లో కట్టిన కొచ్చిలోని మట్టాంచేరి పరదేశి యూదు మందిరంలో అలాంటి పెట్టెలతోపాటు తిరువాన్కూరు రాజు ఇచ్చిన బంగారు కిరీటం కూడా ఉంది. 1950లలో ఇజ్రాయెల్‌కు తరలినవారు తమ గ్రంథాలను వెంట తీసుకువెళ్ళారంటే అందులో తప్పేమీ లేదు, అవి వారివి. ఇక్కడ మిగిలినవాటి సంగతే నా బాధ. కాపాడవలసిన కుటుంబాలు వేళ్ళమీద లెక్కపెట్టేంతకు వచ్చాయి.

వందేళ్ళు దాటిన వస్తువును ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదని 1972 పురావస్తువుల చట్టంలో మీరే రాసుకున్నారు. చాలా సంతోషం. అయితే ఊరి కంసాలి చేసిన వెండికి లండన్ వెండికున్నట్లు ఎక్కడిదో చెప్పే ముద్ర ఉండాలనేమీ లేదు. దాత పేరు చెక్కిన హీబ్రూ అక్షరాలకు ఫొటో తీసి పెట్టుకోకపోతే, రేపు ఆ పెట్టె ఏ విదేశీ వేలంలోనో కనబడినప్పుడు అది మనదని ఏ కాగితం చూపిస్తారు? వేలం దాకా వెళ్తే అదృష్టమే. నేడున్న వెండి ధరకు కరిగించేస్తే మీ చట్టానికి పట్టుకోవడానికి వస్తువే ఉండదు.

మా కరీంనగర్ వెండి తీగ పనికి భౌగోళిక గుర్తింపు ఇచ్చి ఆదుకున్న ప్రభుత్వానికి వెండి పని విలువ తెలియదని అనుకోను. అందుకే ఈ నిర్లక్ష్యం మరీ మింగుడుపడటం లేదు.

మందిరాల పెద్దల అనుమతి లేకుండా ఒక్క పెట్టె కూడా తెరవవద్దు, ఒక్క వస్తువునూ మ్యూజియానికి తరలించవద్దు. వారి సమక్షంలోనే హీబ్రూ చదవగలిగినవారిని, ఒక ఫొటోగ్రాఫరును, ఒక త్రాసును పంపండి. ఇంతకన్నా ఖర్చులేని పని మీ శాఖలో మరొకటి ఉంటుందా? ఎవరిని పంపుతారో, ఎప్పటిలోగా పంపుతారో రాతపూర్వకంగా తెలియజేయవలసిందిగా మరోసారి ప్రార్థిస్తున్నాను.

భవదీయుడు,
కొచ్చిలో స్థిరపడిన ఒక కరీంనగర్ వాసి