డుబ్రోవ్నిక్ ప్యాకేజీలో సేవాలోపం: ట్రావెల్ సంస్థకు ఫిర్యాదు లేఖ

వినియోగదారుల సేవా విభాగం మేనేజర్ గారికి,

విషయం: డుబ్రోవ్నిక్ మూడు రాత్రుల ప్యాకేజీలో జరిగిన సేవాలోపం, సొమ్ము వాపసు గురించి.

అయ్యా,

2024 జూన్‌లో క్రొయేషియాలోని డుబ్రోవ్నిక్ పాతపట్నంలో మూడు రాత్రులు గడిపేందుకు నేను, మావారు, డెబ్బై ఒక్క ఏళ్ల మా అత్తగారు మీ సంస్థ ద్వారా ప్యాకేజీ తీసుకున్నాం. వీసా పనులు, బస, విమానాశ్రయం నుంచి కారు, కోటగోడల ప్రవేశ రుసుము, ఒక రోజు కోటోర్ యాత్ర మీ బాధ్యతేనని ఒప్పందంలో స్పష్టంగా ఉంది. తిరిగి వచ్చాక రెండుసార్లు ఫోన్ చేస్తే ఫీడ్‌బ్యాక్ ఫారం నింపమన్నారు. ఆ ఫారంలో నక్షత్రాలు వేయడానికి తప్ప జరిగింది చెప్పుకోవడానికి చోటు లేదు కనుక ఈ లేఖ రాస్తున్నాను.

ముందుగా బస సంగతి. మా అత్తగారికి మోకాళ్ల నొప్పులు ఉన్నందున, డబ్బు కట్టకముందే "గదికి చేరాలంటే ఎన్ని మెట్లు ఎక్కాలి?" అని మెయిల్‌లో అడిగాను. "స్ట్రాడున్ నుంచి రెండు నిమిషాల నడక, కారు గుమ్మం దాకా వస్తుంది" అని మీ ప్రతినిధి జవాబిచ్చారు (స్ట్రాడున్ అంటే పాతపట్నం ప్రధాన వీధి). దాని ప్రతిని జతపరిచాను. చుట్టూ 1,940 మీటర్ల గోడ ఉన్న ఆ పాతపట్నంలోకి పర్యాటకుల కార్లను రానివ్వరు. డ్రైవరు మమ్మల్ని పిలే ద్వారం బయటే దింపేశాడు. స్ట్రాడున్ చదునైన రాతివీధే గాని, దానికి ఉత్తరాన ఉన్న సందులు గోడ వైపు నిట్టనిలువుగా ఎక్కే మెట్లదారులు. మీరిచ్చిన గది ఆ గోడకు దగ్గరగా, పెలినే వీధి పక్కన ఉంది. లెక్కపెట్టాను, 127 మెట్లు. మా అత్తగారు పది పన్నెండు మెట్లకోసారి ఎవరో ఒకరి గుమ్మం ముందు కూలబడుతూ, దిగేవాళ్లకు దారివ్వడానికి మళ్లీ గోడ పట్టుకుని లేస్తూ, నలభై నిమిషాలకు గదికి చేరారు. మర్నాడంతా ఆమె మంచం దిగలేదు. మ్యాపులో కొలిస్తే రెండు నిమిషాల దూరమే కావచ్చు. నేను అడిగింది దూరం కాదు, మెట్లు.

రెండోది ఇంతకన్నా తీవ్రమైనది. కోటోర్ ఉన్నది పొరుగు దేశమైన మాంటెనెగ్రోలో. ఒకే వీసాతో తిరగగల ఐరోపా దేశాల కూటమి అయిన షెన్‌గెన్‌లో క్రొయేషియా 2023 జనవరి 1న చేరింది, మాంటెనెగ్రో అందులో లేదు. షెన్‌గెన్ వీసా చూపించి మాంటెనెగ్రోలోకి వెళ్లవచ్చు. అయితే ఆ వీసా ఒక్క ప్రవేశానికే పరిమితమైనదైతే, సరిహద్దు దాటాక దానితో తిరిగి డుబ్రోవ్నిక్‌లో అడుగుపెట్టడం కుదరదు. మా వీసాల మీద ప్రవేశాల సంఖ్య దగ్గర "01" అని అచ్చయి ఉంది. యాత్రకు ముందురోజు రాత్రి, రేపు కోటోర్ వెళ్తున్నామని మాటల్లో చెబితే, బస యజమానురాలు పాస్‌పోర్టు అడిగి తీసుకుని, ఆ అంకె మీద వేలు పెట్టి చూపించారు. ఆమె చూడకపోయి ఉంటే సామాను, మందులు ఒక దేశంలో, మేము మరో దేశంలో ఉండేవాళ్లం. ఎన్ని ప్రవేశాలకు వీసా ఇవ్వాలన్నది రాయబార కార్యాలయం నిర్ణయమని మీరు అనవచ్చు, నిజమే. కాని మీ సిబ్బంది నింపి మా చేత సంతకం చేయించిన దరఖాస్తులోనే ఒక్క ప్రవేశం అని కోరి ఉంది. కోటోర్ యాత్రను మాకు అమ్మిందీ, వీసా వచ్చాక పాస్‌పోర్టులను మా చేతికిచ్చిందీ మీరే.

ఇక చిన్నవి. మీ ప్రయాణ పట్టికలో "ఖర్చులకు కూనాలు ఉంచుకోండి" అని ఉంది. షెన్‌గెన్‌లో చేరిన రోజే అక్కడ కూనా పోయి యూరో వచ్చింది కనుక, ఆ పట్టికను మీరు కనీసం ఏడాదిన్నరగా తెరిచి చూడలేదని అర్థమవుతోంది. గోడల మీద నడకకు జూన్ ఎండలో మధ్యాహ్నం రెండు గంటలు కేటాయించారు. మేమే మార్చుకుని పొద్దున ఎనిమిదింటికి, తెరవగానే వెళ్లాం. టికెట్ల దగ్గర మీ వోచరు చెల్లదన్నందున మావారు, నేను చెరి 35 యూరోలు కట్టాం. ఆ నడక మాత్రం బాగుంది. నగరం మీద మాకు ఏ ఫిర్యాదూ లేదు.

కాబట్టి కోటోర్ యాత్రకు ముగ్గురి నుంచి వసూలు చేసిన పూర్తి సొమ్మును, గోడల టికెట్లకు మేము కట్టిన 70 యూరోలను, బస అద్దెలో సగాన్ని వాపసు చేయవలసిందిగా కోరుతున్నాను. మెట్ల గురించిన జవాబు ఏ ఆధారంతో ఇచ్చారో కూడా తెలియజేయండి. ఈ లేఖ అందిన 30 రోజుల్లోగా లిఖితపూర్వకంగా సమాధానం రాకపోతే, వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు దాఖలు చేస్తాను. ఒప్పందం, మెయిళ్లు, వీసా పేజీలు, టికెట్ల రసీదుల నకళ్లు జతపరిచాను. దయచేసి ఫోన్ చేయవద్దు. మీ సమాధానం కాగితం మీదే కావాలి.

ఇట్లు,
మీ వినియోగదారు