పౌర విమానయాన శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ: రీసెట్ చేస్తే రిపేరైనట్టేనా?

గౌరవనీయులైన కేంద్ర పౌర విమానయాన శాఖ మంత్రి గారికి,

నమస్కారం. మేం విమానాలకు మరమ్మతు చేసే ఇంజినీర్లం. ఇంగ్లిషు అర్జీలు చాలానే పెట్టాం. తెలుగువారు ఈ శాఖ చూడటం కొత్త కాదు గనక, తెలుగులో రాస్తే చివరిదాకా చదువుతారేమోనని ఒక ఆశ. ఎంఈఎల్ (ఏ పరికరం పాడైనా ఎన్ని రోజులు ఎగరవచ్చో చెప్పే జాబితా) అంటే ఏమిటో, సీఆర్‌ఎస్ (మరమ్మతయ్యాక విమానం ఎగరవచ్చని ఇచ్చే ధ్రువపత్రం) మీద సంతకం ఎవరిదో మీకు వేరే చెప్పక్కర్లేదు.

2025 జూన్‌లో అహ్మదాబాద్ ప్రమాదం తర్వాత డీజీసీఏ (పౌర విమానయాన నియంత్రణ సంస్థ) ఢిల్లీ, ముంబై వంటి పెద్ద విమానాశ్రయాల్లో తనిఖీ చేసి ప్రకటన ఇచ్చింది. ఒకసారి రాసిన స్నాగే (లోపమే) మళ్లీ మళ్లీ వస్తోందని, వర్క్ ఆర్డర్ పాటించడం లేదని, కొన్ని లోపాలు టెక్ లాగ్‌లోకే (విమానం లోపాలు రాసే పుస్తకంలోకే) ఎక్కడం లేదని అందులో ఉంది. ఏడు రోజుల్లో సరిచేయమన్నారు. సరిచేశారనే అనుకుందాం. కానీ ఆ స్నాగ్ ఎందుకు తిరిగొస్తుందో అడిగినవారు లేరు. అడక్కపోయినా చెబుతున్నాం.

విమానం దిగి మళ్లీ లేవడానికి ఇచ్చేది అరగంట. ఇంజిన్ ఆయిల్ చూడాలంటే ఆపాక కనీసం 5 నిమిషాలు ఆగాలి. వేడి టైర్ల మీద చూసిన ప్రెషర్ లెక్కలోకి రాదు, అవి చల్లారడానికి గంటలు పడుతుంది. ఈలోగా కెప్టెన్ ఏదో కంప్యూటర్ ఫాల్ట్ చూపించిందంటాడు. పద్ధతి ప్రకారమైతే ట్రబుల్ షూటింగ్ మాన్యువల్ తెరవాలి, కనెక్టర్ విప్పి పిన్నులు చూడాలి, వైరు కంటిన్యూటీ కొలవాలి. బాక్సు (ఆ కంప్యూటర్) మార్చాలా, లోపం వైరులో ఉందా అన్నది అప్పుడు గానీ తేలదు. రెండు గంటల పని అది, మిగిలింది పది నిమిషాలు. కాబట్టి సర్క్యూట్ బ్రేకర్ లాగి, కాసేపు ఆగి, నొక్కి (రీసెట్ అంటే ఇదే) టెస్ట్ వేస్తారు. టెస్ట్ పాస్ అవుతుంది. ఎందుకు కాదు? పగిలిన సోల్డర్ జాయింటు నేల మీద కదలకుండా ఉన్నంతసేపు కరెంటు మోస్తుంది, పైన చలికీ ఊపుకూ వదిలేస్తుంది. సంతకం పడుతుంది, పుష్‌బ్యాక్ (విమానాన్ని గేటు నుంచి వెనక్కి నెట్టడం) అయిపోతుంది.

ఎంఈఎల్ గడువుల సంగతీ ఇంతే. కేటగిరీ బి అయితే 3 రోజులు, సి అయితే 10. గడువు ముగిసే రాత్రికి స్పేర్ రాలేదు. రీసెట్ కొట్టి, ‘టెస్ట్ ఓకే’ అని రాసి మూసేస్తారు. మర్నాడు అదే స్నాగ్ కొత్త ఎంట్రీగా పుడుతుంది, పది రోజుల లెక్క మళ్లీ ఒకటి నుంచి మొదలు. కాగితం మీద వెతికితే తప్పు దొరకదు! పోనీ, ఆగిపోయిన మరో విమానం నుంచి బాక్సు పీకి పెడదామంటే (దీన్ని మా వాళ్లు రాబరీ అనే అంటారు, పేరులో దాపరికం లేదు) ఒక్క బాక్సుకు రెండు విప్పడాలు, రెండు బిగింపులు. ఆ అదనపు గంటలకు అదనపు మనుషులెవరూ రారు.

దీని పర్యవసానం ఊహ కాదు. 2014 డిసెంబరు 28న సురబయ నుంచి సింగపూర్ వెళ్తూ జావా సముద్రంలో పడిన ఎయిర్ఏషియా 8501 నివేదిక మీ శాఖలో ఎవరి దగ్గరైనా ఉండే ఉంటుంది. రడ్డర్ ట్రావెల్ లిమిటర్ (తోక చుక్కాని ఎంతవరకు తిరగాలో హద్దు పెట్టే పరికరం) సర్క్యూట్ బోర్డు మీద ఒక సోల్డర్ జాయింటు పగిలింది. అంతకుముందు 12 నెలల్లో ఆ వ్యవస్థ మీద 23 సార్లు ఫిర్యాదు నమోదైంది. రీసెట్లు, టెస్టులు నడిచాయి గానీ అసలు జబ్బు పట్టుకోలేదు. ప్రమాదానికి మూడు రోజుల ముందు నేల మీద ఇంజినీరు బ్రేకర్లు లాగి సరిచేయడం అదే కెప్టెన్ చూశాడు. ప్రమాదం రోజున గాలిలో బ్రేకర్లు లాగితే కనిపించే గుర్తులే రికార్డర్‌లో దొరికాయి. 162 మంది పోయారు. నేల మీది అడ్డదారి కాక్‌పిట్ దాకా అలా ఎక్కింది.

ఇక రాత్రి షిఫ్టు. 2013 మే 24న లండన్ హీత్రూలో ఒక ఎయిర్‌బస్ ఏ319 లేస్తుండగా రెండు ఇంజిన్ల ఫ్యాన్ కౌల్ తలుపులూ (ఇంజిన్ పైకప్పులూ) ఊడిపోయాయి, ఇంధన గొట్టం చిల్లుపడి ఒక ఇంజిన్‌కు నిప్పంటుకుంది. ముందు రాత్రి ఐడీజీ (ఇంజిన్‌తో తిరిగే జనరేటర్) ఆయిల్ తక్కువుందని చూసి, నింపే సామాను కోసం తలుపుల లాచీలు (గడియలు) బిగించకుండా వెళ్లిన సిబ్బంది తిరిగొచ్చి వేరే విమానం దగ్గరికి చేరారు. అక్కడ తలుపులు మూసి ఉంటే ఇంకెవరో మూశారనుకున్నారు. ఆ లాచీలు ఇంజిన్ అడుగున ఉంటాయి, నేల మీదికి వంగితే గానీ కనపడవు. మన దేశంలో ఎక్కువగా తిరిగేవి ఆ ఏ319 చేరిన ఏ320 కుటుంబం విమానాలే.

పైలట్లకు వారానికి 48 గంటల విశ్రాంతి అన్నారు, సంతోషం. (2025 డిసెంబరులో విమానాలు రద్దవగానే ఆ నియమాల్లో కొన్నింటిని సడలించారనుకోండి, అది వేరే కథ.) మా షిఫ్టుల గురించి సీఏఆర్-145 (విమాన మరమ్మతు సంస్థలకు డీజీసీఏ నియమావళి) చెప్పేది మానవ పరిమితులను దృష్టిలో పెట్టుకోవాలని. దృష్టిలో పెట్టుకుంటూనే ఉన్నారు సార్, అంకె మాత్రం రాయడం లేదు. తెల్లవారుజామున నాలుగింటికి టార్క్ రెంచి పట్టుకున్నవాడికి ఆ వాక్యంతో ఏం పని?

ఆ అంకె రాయించండి. షిఫ్టుకు ఎన్ని గంటలు, ఎన్ని రాత్రులు వరసగా, సంతకం పెట్టేవాడికి ఎన్ని విమానాలు. రీసెట్‌తో మూసిన ఎంఈఎల్ మూడోసారి తెరిస్తే బాక్సు సీరియల్ నంబరు మారిందో లేదో చూసే మనిషిని డీజీసీఏలో పెట్టండి. అక్కడ సగానికి పైగా పోస్టులు ఖాళీ అని పార్లమెంటు స్థాయీ సంఘమే 2025లో చెప్పింది కదా, ముందు అవి నింపాలేమో. ఆలస్యమైనా స్నాగ్ రాసినవాడికి షోకాజ్ రాకుండా చూడండి. అన్నిటికన్నా ముందు ఆ అంకె.

వీలైతే ఒకసారి రాత్రి మూడింటికి ర్యాంప్ (విమానాలు నిలిపే చోటు) మీదికి రండి. తెల్ల చొక్కా మాత్రం వద్దు, లాచీలు చూడాలంటే నేల మీద పడుకోవాలి.

ఇట్లు,
విమాన నిర్వహణ ఇంజినీర్లు, రాత్రి షిఫ్టు