అమ్మలూ, ఊరికే రాస్తున్నా

అమ్మలూ,

నీ గొంతు విని పద్దెనిమిది రోజులైంది. బిజీ అని మెసేజ్ పెట్టావు, సరే, నేనేం అడగట్లేదు. ఇక్కడ మాగాయ పెట్టేశాం, బాబాయ్ వాళ్ళ పైఅంతస్తు స్లాబ్ అయిపోయింది, మీ అమ్మ బీపీ పర్లేదు.

కాకినాడ అత్త నీ స్టేటస్ చూసిందంట, బ్రూక్లిన్ బ్రిడ్జి మీద ఫోటో. టవర్లు బాగా పడ్డాయంది. కుడికాలికి ఏదో తెల్లగుడ్డ చుట్టుందని కూడా అంది. అత్త కళ్ళజోడు సంగతి తెలుసుగా, నేను పట్టించుకోలేదు. నేను చూసేసరికి స్టేటస్ లేదు.

ఆ బ్రిడ్జి కథ తెలుసా నీకు? ముప్పై ఏళ్ళు కల్వర్టులు కట్టించినవాణ్ణి, నేను చెప్పకపోతే ఎవరు చెప్తారు. జాన్ రోబ్లింగ్ అని జర్మనీ నుంచి అమెరికా వెళ్ళిన ఇంజినీరు డిజైన్ చేశాడు. 1869లో ఫెర్రీ రేవులో నిలబడి టవర్ ఎక్కడ లేపాలో చూసుకుంటుంటే పడవొచ్చి గుద్ది, దుంగల మధ్య పాదం నలిగిపోయింది. వేళ్ళు తీసేశారు. ఆ తర్వాతైనా డాక్టర్ల మాట వినాలా వద్దా? నా వైద్యం నాకు తెలుసని గాయం మీద నీళ్ళు ధారగా పోయించుకుంటూ కూర్చున్నాడు. ధనుర్వాతం వచ్చి నెల తిరక్కుండా జూలై 22న పోయాడు. వంతెనకి అప్పటికి ఒక్క రాయీ పడలేదు.

రెండు టవర్ల మధ్య 1595 అడుగుల దారిని గాల్లో వేలాడదీయగలనని లెక్కగట్టినవాడు కాలిదెబ్బ దగ్గర మొండికేశాడు చూడు. మొండితనం ఎవరికొచ్చిందో నేననట్లేదు, మీ నాయనమ్మ మేకు గుచ్చుకుంటే పసుపద్ది ఊరుకున్న సంగతి గుర్తుందిగా. ఆయన రోజుల్లో ధనుర్వాతం రాకుండా వేసే టీటీ ఇంజెక్షన్ లేదు, మనకుంది. నీకు ఆఖరుసారి వేయించింది టెన్త్‌లో స్కూటీ మీంచి పడ్డప్పుడు, చీటీ నా బీరువాలోనే ఉంది, పదేళ్ళు దాటింది.

తర్వాత కొడుకు వాషింగ్టన్ అందుకున్నాడు. నది అడుక్కి అడుగులేని పెద్ద చెక్కపెట్టెలు దింపి, లోపలికి గాలికొట్టి, ఆ గాల్లోనే కూలీలు మట్టి తవ్వేవాళ్ళు. గబగబా పైకొచ్చేస్తే కీళ్ళు పట్టేసి ఒళ్ళు మెలితిరిగేది, కొందరు ప్రాణాలే పోగొట్టుకున్నారు. ఆయనా 1872లో మంచానపడ్డాడు. ఇక కిటికీలోంచి దుర్భిణీతో పని చూసేవాడు, సైటుకెళ్ళి చెప్పేది భార్య ఎమిలీ, కేబుళ్ళ లెక్కలు కూడా నేర్చేసుకుంది. మధ్యలో తీగ సప్లై చేసినవాడు నాసిరకం అంటగట్టాడు కూడా, మన కాంట్రాక్టర్లే గుర్తొచ్చారు నాకు, ముందే ఆరు రెట్ల బలానికి డిజైన్ చేశారు కాబట్టి సరిపోయింది. 1883లో బండెక్కి మొదట దాటింది ఎమిలీనే, ఒళ్ళో కోడిపుంజుతో!

మీ అమ్మకి ఇదంతా చెప్తే, ఒళ్ళు బాలేదని ఆయన ఇంట్లోవాళ్ళ దగ్గర దాచలేదు కదా అంది. నీ గురించి కాదులే.

పార్సిల్లో కారప్పొడి, రెండు జతల మందపాటి సాక్సు పంపుతున్నాం. ఆ చెక్కల నడకదారి మీద చెప్పులేసుకుని తిరక్కు. ఇన్సూరెన్స్ కార్డు పర్సులోనే పెట్టుకో. ఆదివారం వీడియో కాల్ చెయ్, ఫోన్ గోడకి ఆనించి కాస్త దూరంగా నిలబడు, పాదాల దాకా కనపడేలా.

నాన్న

అత్త చెప్పిందని అత్తతో అనకు.