ఒగ్గు కథకు ఆరు నిమిషాలు: సాంస్కృతిక శాఖ మంత్రివర్యులకు బహిరంగ లేఖ

తెలంగాణ రాష్ట్ర సాంస్కృతిక, పర్యాటక శాఖల మంత్రివర్యులకు,

నమస్కారం.

నేను హనుమకొండలో ఉంటూ ఇరవై రెండేళ్లుగా ఆర్కెస్ట్రాల్లో రిథమ్ ప్యాడ్స్ వాయించి బతుకుతున్నవాణ్ని. అంతకుముందు ఢోలక్ వాయించాను, దానికీ ముందు మా వాడకట్టు భజన మండలిలో తాళాలు పట్టాను. జనగామ మొదలుకొని మంచిర్యాల దాకా నేను ఎక్కని ఫంక్షన్ హాలు స్టేజీ అరుదు. ఈ లేఖ ఒక ఫిర్యాదు. అందులో నేను కూడా ఒక ముద్దాయినే కనుక ఆ మాట మొదటే ఒప్పుకుంటున్నాను. మా ప్రాంతంలో వేదికల మీద వినిపించే సంగీతం ఏటికేడు ఒకే మూసలోకి కుదించుకుపోయింది. కళాకారులు కరువై కాదు. పిలిచే పద్ధతి, ఇచ్చే సమయం, కట్టే స్టేజీ అన్నిచోట్లా ఒకటే అయిపోవడం వల్ల. ప్రైవేటు ఫంక్షన్లను ఎవరూ శాసించలేరు. కానీ ప్రభుత్వ ఖర్చుతో వేసే వేదికలు కూడా అదే దారిన నడుస్తున్నాయి, వాటిని మార్చడం మాత్రం మీ శాఖ చేతిలోని పని.

నేను పాల్గొన్న అధికారిక వేడుకల కార్యక్రమ పత్రాలు కొన్ని ఇంట్లో దాచుకున్నాను. పక్కపక్కన పెట్టి చూస్తే తేదీ, ముఖ్య అతిథి పేరు తప్ప వాటిలో మారేది తక్కువ. జ్యోతి ప్రజ్వలన, ఒక కూచిపూడి అంశం, రికార్డు మీద ఐదు నిమిషాల పేరిణి నృత్యం, ఒగ్గు డోలు విన్యాసం, నెత్తిన బోనాలతో అమ్మాయిల నృత్యం, ఉపన్యాసాలు, సన్మానాలు, చివరకు మేము. మా వంతు వచ్చేసరికి ముందు వరుస సోఫాలు ఖాళీ అవుతుంటాయి. నిర్వాహకుడు స్టేజీ మెట్ల దగ్గరికి వచ్చి, "అన్నా, మెలోడీలు వద్దు, ఊపుండాలె" అని చెప్పిపోతాడు. ఊపు అంటే ఏమిటో మాకు తెలుసు. సినిమా పాటలు పది, యూట్యూబులో ఆ నెల నడుస్తున్న డీజే జానపదాలు పది, వాటన్నింటి కింద ఒకే తీన్మార్ దరువు. గజల్ పాడమన్నా దాని కింద తీన్మార్ వేసి నెట్టుకొచ్చిన రోజులు నా లెక్కలో ఉన్నాయి.

నేను ఈ పనిలోకి వచ్చిన రోజుల్లో మా జట్టులో తొమ్మిది మందిమి ఉండేవాళ్లం. క్లారినెట్ ఒకరు, తబలా ఒకరు, కాంగో ఒకరు, గిటార్లు రెండు, ఫ్లూట్ కోసం కాజీపేట రైల్వే కాలనీ నుంచి ఒకాయన డ్యూటీ దిగి వచ్చేవాడు. ఇప్పుడు కీబోర్డు, ప్యాడ్, ఇద్దరు గాయకులు, ఒక ల్యాప్‌టాప్. మిగతాదంతా ముందే రికార్డు చేసి పెట్టుకున్న ట్రాక్. ట్రాక్‌కు అన్నం పెట్టనక్కర్లేదు, కారులో సీటు అక్కర్లేదు, అది అడ్వాన్సు అడగదు. నా ప్యాడ్‌లో ఢోలక్, తబలా, డప్పు, ఖంజీర అన్నీ ఉన్నాయి, నంబరు నొక్కితే పలుకుతాయి. ఒకసారి హుస్నాబాద్ దిక్కు ఒక సభలో గడ్డిమంట మీద డప్పు కాచుకుంటూ నలుగురు కళాకారులు స్టేజీ వెనుక నిలబడి ఉంటే, అతిథులను తోడ్కొని వచ్చేదాకా వారిని వాయించనిచ్చి, ఆ తర్వాత పంపించివేసి, స్టేజీ మీద డప్పు శబ్దం నా ప్యాడ్‌తో కొట్టించారు. కొట్టింది నేనే. ఆ డబ్బు తీసుకున్నదీ నేనే.

అసలు చెప్పదలచుకున్న సంగతి మల్లన్న వంటి దేవుళ్ల కథలు పాడి చెప్పే ఒగ్గు బృందం గురించి. మూడేళ్ల కిందట ఒక వేడుకలో మా కంటే ముందు వారి అంశం ఉంది. డోళ్లు, తాళాలు, కాళ్లకు గజ్జెలు, ఒళ్లంతా బండారు (పసుపు). పదిమంది దాకా వచ్చారు. ప్రధాన కథకుడు అరవై దాటిన మనిషి. కార్యక్రమ పత్రం చూసే యువకుడు వచ్చి, "పెద్దాయనా, మీకు ఆరు నిమిషాలు" అన్నాడు. ఆయన కోపం తెచ్చుకోలేదు. "ఆరు నిమిషాల్ల మల్లన్న పుట్టుడు సుత కాదు బిడ్డా, ఇగ మేడలమ్మ లగ్గం ఎప్పుడు జెయ్యాలె?" అని నవ్వి, తలపాగా సరిచేసుకుని, పక్కన వంత పాడేవాణ్ని చూసి కళ్లతోనే ఏదో చెప్పాడు. వారు కథ ఎత్తుకోలేదు. డోళ్లతో వలయం తిరిగారు, ఒకరి భుజాల మీద ఒకరు ఎక్కి నిలిచారు, చప్పట్లు కొట్టించుకుని దిగిపోయారు. ఆయన నోరు మాత్రం ఆ రాత్రి తెరుచుకోనే లేదు.

ఒగ్గు కథ అంటే మల్లన్న, బీరప్ప, ఎల్లమ్మల కథను రాత్రంతా నడిపించే విద్య. పాట, వచనం, ఆడవేషపు హావభావం, నడుమ వంతవాడి పరాచికం, మళ్లీ పాట. డోలు వీటన్నింటికీ ఊతమే గాని అదే కథ కాదు. జనగామ ప్రాంతపు చుక్క సత్తయ్య, వేములవాడ దగ్గరి మిద్దె రాములు వంటి వారు ఈ విద్యను ఎక్కడిదాకా తీసుకువెళ్లారో మీకు వేరే చెప్పనక్కర్లేదు. అధికారిక వేదిక ఈ కళలో నుంచి డోలును ఉంచుకుని కథను వదిలేసింది. ఊరేగింపులకు, స్వాగతాలకు డోలు చాలు కనుక కొత్తగా నేర్చుకునే పిల్లలు కూడా డోలే నేర్చుకుంటున్నారు. తిండి ఎటు ఉంటే అటే పోతారు, వారిని అనడానికి లేదు.

బతుకమ్మ సంగతీ ఇంతే. ఎంగిలిపూల నాడు వేయిస్తంభాల గుడి దగ్గర ఆడేవారిని చిన్నప్పటి నుంచి చూస్తున్నాను. ఒక ముసలవ్వ పాట ఎత్తుకుంటే, ఆమె ఊపిరి ఎంత ఉంటే చరణం అంత ఉండేది. 'ఉయ్యాలో' అని మిగతావారు అందుకునే లోపల వంగి, లేచి, చప్పట్లు కలిపి ఒక అడుగు ముందుకు వేసేవారు. చుట్టు పెద్దదైతే పాట నెమ్మదించేది, పిల్లలు కలిస్తే కాస్త వేగం అందుకునేది. డీజే పెట్టె ఎవరి ఊపిరి కోసమూ ఆగదు. పోయిన ఏడాది మా కాలనీలో పెన్‌డ్రైవ్ పాట మొదలు కాగానే, పాట ఎత్తుకునే అవ్వ బతుకమ్మ దగ్గర నుంచి మెల్లగా జరిగి గద్దె మీద కూర్చుంది. ఆమెకు నలభైకి పైగా పాటలు వస్తాయి. ఆ రాత్రి ఒక్కటీ పాడలేదు, పాడమని ఎవరూ అడగలేదు, నాతో సహా.

వరంగల్ వేదికల మీద నేను ఈ ఇరవై రెండేళ్లలో పూర్తిగా వినలేకపోయినవి ఇంకా ఉన్నాయి. మేడారం జాతరకు రెండేళ్లకోసారి లక్షలాది మందిని పంపే ఊరు మాది. కాని బొమ్మలున్న పడిగె గుడ్డను ఎదుట పరిచి సమ్మక్క సారలమ్మల వంశగాథను పాడే కోయ డోలీల గానం మా ఊళ్లో ఒక సాయంత్రమంతా కూర్చుని వినే భాగ్యం నాకు కలగలేదు. ఆ గాథలను పాడిన సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. గోండుల గుస్సాడీ నృత్యకారుడు కనకరాజుకు 2021లోనే వచ్చింది. ఇద్దరూ 2024లో కన్నుమూశారు. చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్యకు 2024లో అదే గౌరవం దక్కింది. పురస్కారం వచ్చిన మరునాడు శాలువాలతో వెళ్లి ఫొటోలు దిగుతాం, ఆ తర్వాత వారి విద్య వినడానికి ఒక రాత్రి కేటాయించం. ఆదిలాబాద్ గూడేల్లో తోటి కళాకారులు కమానుతో వాయించే కిక్రి ఇంకొకటి. బైండ్ల వారి జమిడిక మరొకటి. తోలుకు కట్టిన తీగను లాగిపట్టి మీటుతుంటే అది మనిషి గొంతులాగే మూలుగుతుంది, గద్దిస్తుంది. తీగ బిగువు మారినకొద్దీ స్వరం జారుతుంది. ఆ జారుడును నా ప్యాడ్‌లో తెప్పించాలని నెల రోజులు కుస్తీ పట్టి ఓడిపోయాను.

జానపదాన్ని మాత్రమే కాపాడమని నేను అడుగుతున్నట్టు అనుకోవద్దు. కాజీపేట దర్గా ఉర్సులో ఖవ్వాలీ మొదలైతే కాజీపేటంతా చెవి ఒగ్గుతుంది, ఉర్సు దాటితే ఏడాది పొడుగునా అది నా చెవిన పడదు. కర్ణాటక సంగీతం నేర్చుకున్న పిల్లలు త్యాగరాజ ఆరాధనలో గోష్ఠిగా పాడి ఇంటికి వెళ్తారు. ఫాతిమానగర్ చర్చి దిక్కు నాలుగు శ్రుతుల్లో కలిసి పాడే యువకులు ఉన్నారు. ఇక ఇంజినీరింగ్ చదివే ముగ్గురు కుర్రాళ్లు ఒక షట్టర్ అద్దెకు తీసుకుని, డ్రమ్స్, బేస్ గిటార్‌తో సొంత తెలుగు పాటలు కట్టుకుంటుంటే ఇరుగుపొరుగు ఫిర్యాదు చేసి ఖాళీ చేయించారు. ఆ పాటల్లో రెండు విన్నాను. ఒకటి నాకు నచ్చలేదు. రెండోది మాత్రం, మిల్లు మూతపడ్డాక మిగిలిన గోడల మీద కట్టిన పాట, చాలా బాగుంది. దాన్ని వారు ఎక్కడ పాడాలి?

'ఒక్క గొంతులో వేల గొంతులు పలికించిన నేరెళ్ల వేణుమాధవ్ ఊరు' అని బయటివారికి గర్వంగా చెప్పుకుంటాం. ఇప్పుడు అదే ఊళ్లో వంద గొంతులు ఒకే పాట పాడుతున్నాయి.

ఈ నేల మీద వైవిధ్యానికి విలువ ఇవ్వడం కొత్తగా నేర్వవలసినదీ కాదు. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో తుమ్మెద పదాలు, ప్రభాత పదాలు, పర్వత పదాలు, నివాళి పదాలు, గొబ్బి పదాలు, వెన్నెల పదాలు అంటూ జనం పాడుకునే పాటలను పేరుపేరునా చెప్పాడు. కాకతీయ గణపతిదేవుని గజసేనాని జాయప నృత్తరత్నావళి అనే నాట్యశాస్త్ర గ్రంథాన్ని ఎనిమిది అధ్యాయాలుగా రాసి అందులో నాలుగింటిని దేశి, అంటే ప్రాంతాల్లో జనం ఆడే, పద్ధతులకే కేటాయించాడు. రాజాస్థానంలో కూర్చుని రాసినవాడు సగం పుస్తకం దేశికి ఇస్తే, ప్రజల పన్నులతో జరిగే వేడుకలో దానికి ఆరు నిమిషాలు ఇస్తున్నాం. ఆ పుస్తకాన్నీ రామప్ప శిల్పాలనూ పట్టుకుని నటరాజ రామకృష్ణ పేరిణిని తిరిగి నిలబెట్టారు. అది ఇవాళ ప్రతి వేదిక మీదా ఉందంటే ఒకనాడు ఎవరో ఓపికగా సమయం పెట్టారు గనకే.

"జనం అడిగేది అదే కదా" అని నిర్వాహకులు అంటారు, నేను కూడా చాలాసార్లు అన్నాను. ఐనవోలు మల్లన్న జాతరలో ఒక రాత్రి ఆ మాట మీద నాకు నమ్మకం సడలింది. ఒగ్గు పూజారులు వేసిన పట్నం (రంగుల ముగ్గు) దగ్గర కథ నడుస్తోంది. ఇరవై ఏళ్ల కుర్రాడొకడు జెయింట్ వీల్ ఎక్కడానికి పోతున్న తన దోస్తులను పంపించి, పదకొండు గంటలకు నిలబడినవాడు రెండు దాటినా అక్కడే ఉన్నాడు. మధ్యలో నన్ను చూసి, "అంకుల్, ఇది పూర్తిగ యూట్యూబ్‌ల ఉంటదా?" అని అడిగాడు. తెలియదన్నాను. అతడు మళ్లీ కథ వైపు తిరిగాడు.

కాబట్టి నేను అడుగుతున్నది కొత్త భవనం కాదు. కాళోజీ కళాక్షేత్రానికి 2014 సెప్టెంబరు 9న శంకుస్థాపన జరిగితే 2024 నవంబరు 19న తలుపులు తెరుచుకున్నాయి. అంతకాలం ఎదురుచూసిన ఊరికి ఆ ఇల్లు వచ్చింది, సంతోషమే. అయితే జమిడిక పట్టుకున్న ఇద్దరు మనుషులకు పెద్ద హాలు కంటే వందా నూటయాభై మంది చాపల మీద దగ్గరగా కూర్చునే గది కావాలి. అలాంటి గదిని, కళాక్షేత్రంలో గాని మరే ప్రభుత్వ భవనంలో గాని, వారానికి ఒక సాయంత్రం నామమాత్రపు అద్దెకు ఇప్పించండి. మిగిలిన పగళ్లలో అదే గది షట్టర్ పోగొట్టుకున్న కుర్రాళ్లకు సాధనకు పనికొస్తుంది. అక్కడ ట్రాక్ మీద పాడకూడదని ఒక్క నిబంధన పెడితే చాలు, మిగతాది వాయించేవారే చూసుకుంటారు.

అధికారిక వేడుకల విషయంలో, కథాగానాలకు ముప్పై నిమిషాలకు తక్కువ ఇవ్వరాదని ఒక ఉత్తర్వు జారీ చేయండి. సమయం లేకపోతే అంశాల సంఖ్య తగ్గించమనండి, సన్మానాలు తగ్గించమనండి, కథను కోయవద్దనండి. ఒకే బృందాన్ని ఏడాదిలో ఒకే వేదికకు రెండోసారి పిలిచే ముందు ఆ జిల్లాలో ఇంతవరకు పిలవని వారు ఎవరున్నారో చూడాలన్న నియమం కూడా అవసరం. అది మా ఆర్కెస్ట్రా పొట్ట కొడుతుందని తెలిసే రాస్తున్నాను. పారితోషికం లెక్క కూడా మార్చండి. ల్యాప్‌టాప్‌తో వచ్చే నలుగురికీ వాద్యాలతో వచ్చే తొమ్మిది మందికీ అంశానికి ఇంత అని ఒకే మొత్తం ఇస్తున్నంతకాలం ఎవరైనా ల్యాప్‌టాప్‌తోనే వస్తారు.

చివరిగా ఒక రాత్రి అడుగుతున్నాను. రాత్రి పది దాటితే వాద్యాలు, మైకులు కూడదన్న శబ్ద కాలుష్య నిబంధనలు అమలులో ఉన్నాయి. అవి మంచివే, డీజేలకు మరింత గట్టిగా అమలు చేయాలి. కాని అదే నిబంధనలు ఆడిటోరియాల వంటి మూసిన ప్రాంగణాలకు మినహాయింపు ఇస్తున్నాయి. అంటే కళాక్షేత్రం లోపల తెల్లవార్లూ ఒగ్గు కథ చెప్పించడానికి చట్టం అడ్డు రాదు. సంక్రాంతి తర్వాత ఒక శనివారం ఆ హాలు ఇప్పించండి. ఆరు నిమిషాల్లో నోరు తెరవకుండా దిగిపోయిన ఆ పెద్దాయన ఊరు నాకు తెలుసు, వెళ్లి పిలుచుకొస్తాను. మైకులు, మిక్సర్ నావి ఉన్నాయి, అద్దె వద్దు. నా ప్యాడ్ ఆ రాత్రి ఇంట్లోనే ఉంటుంది. మీరు వస్తే ముందు వరుసలో చోటు ఉంటుంది గాని, మల్లన్న పుట్టుక మొదలు లగ్గం దాకా ఉపన్యాసం ఉండదు.

ఇట్లు,
భవదీయుడు,
హనుమకొండకు చెందిన ఒక ప్యాడ్ కళాకారుడు