'వచ్చు' అని రాస్తే ఏదీ రాదు

సంపాదకుడికి,

గ్రామ బాలల పరిరక్షణ కమిటీలను బలోపేతం చేస్తామని గత వారం మీ జిల్లా పేజీలో అధికారులు సెలవిచ్చారు. బలోపేతం చేయాలంటే ముందు కమిటీ ఉండాలి కదా! ఎన్ని పంచాయతీల్లో దాని రిజిస్టర్ ఉందో, అందులో చివరి సంతకం ఏ నెలదో కూడా చెప్పి ఉంటే బాగుండేది.

చిక్కంతా రాతలోనే ఉంది. బాలల రక్షణకు కేంద్రం నడిపే మిషన్ వాత్సల్య పథకం 2022 నాటి మార్గదర్శకాలు ఊళ్లో పిల్లల రక్షణ పనిని పంచాయతీలో సామాజిక న్యాయం, మహిళా శిశు సంక్షేమం చూసే సంఘానికి 'అప్పగించవచ్చు' అన్నాయి. 'అప్పగించాలి' అనలేదు. పైగా మన తెలంగాణ 2018 పంచాయతీరాజ్ చట్టంలోని స్థాయీ సంఘాలు నాలుగే: పారిశుద్ధ్యం, వీధి దీపాలు, మొక్కల పెంపకం, పనులు-సంతలు. మొక్కకు సంఘం ఉంది, బల్బుకు సంఘం ఉంది, పిల్లలకు లేదు. ఇక అంతా సర్పంచ్ దయ. ఆ సర్పంచులు కూడా 2024 ఫిబ్రవరి నుంచి 2025 డిసెంబరు ఎన్నికల దాకా లేరాయె. వాళ్ల స్థానంలో వచ్చిన ప్రత్యేకాధికారులకు పంచాయతీ ట్రాక్టర్ డీజిల్ బిల్లులే తెమలలేదు, పిల్లల కమిటీ ఎక్కడ గుర్తుంటుంది?

కమిటీ లేకపోతే ఏమవుతుందో బాల్య వివాహాల్లో చూడండి. రేపు లగ్గమనగా బాలల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ వెళ్తుంది. ఐసీడీఎస్ సూపర్‌వైజర్, ఎస్సై వస్తారు. ఇంటివాళ్లు ఆధార్ చూపిస్తారు. జువెనైల్ జస్టిస్ చట్టం 94వ సెక్షన్ ప్రకారం వయసుకు ముందు చూడాల్సింది బడి పత్రం లేదా పదో తరగతి సర్టిఫికెట్. అవి లేకుంటే పంచాయతీ ఇచ్చిన జనన ధ్రువపత్రం, అదీ లేకుంటేనే వైద్య పరీక్ష. ఆధార్ ఆ వరుసలోనే లేదు. చివరికి 'పద్దెనిమిది నిండేదాకా చేయం' అని తెల్లకాగితం మీద రాయించుకుని, ఫొటో దిగి వెళ్లిపోతారు. వారం తిరక్కుండా పక్క మండలంలో ఏ గుడిలోనో తాళి పడుతుంది.

2006 బాల్య వివాహాల నిషేధ చట్టం 13వ సెక్షన్ కింద మేజిస్ట్రేట్ నుంచి నిషేధ ఉత్తర్వు తెచ్చుంటే, దాన్ని మీరి చేసిన పెళ్లి అసలు పెళ్లే కాదు. ఉత్తర్వు లేకుంటే ఆ పిల్ల తరఫున మళ్లీ కోర్టుకెక్కి రద్దు చేయించుకోవాలి. అయితే ఉత్తర్వు తేవడానికి నాలుగు రోజులైనా ముందు కబురు అందాలి కదా. పిల్ల పది రోజులుగా బడికి రావట్లేదని టీచర్‌కు తెలుసు. పెళ్లిచూపులయ్యాయని ఆశా వర్కర్‌కు తెలుసు. ఈ ఇద్దరినీ నెలకోసారి ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టడమే కమిటీ పని.

పోనీ జిల్లా చూసుకుంటుందా? బాలల పరిరక్షణ విభాగంలో ఊళ్లు తిరగాల్సిన ఔట్‌రీచ్ వర్కర్లు జిల్లా మొత్తానికి ఇద్దరు. జువెనైల్ జస్టిస్ చట్టానికి 2021లో చేసిన సవరణతో పెత్తనమంతా కలెక్టర్ చేతికొచ్చింది. ధాన్యం కొనుగోళ్లు, ఓటర్ల జాబితా, మంత్రుల పర్యటనలు అయ్యాక మిగిలిన పూట పిల్లలది. ఈమధ్య మన పాలన అంటేనే పోస్టర్ ఆవిష్కరణ, వాట్సాప్ గ్రూపులో ఫొటో అయిపోయింది.

బలోపేతం మాట తర్వాత. ముందు పంచాయతీరాజ్ చట్టంలో ఐదో స్థాయీ సంఘం చేర్చండి. సర్పంచ్ లేని రోజుల్లో కార్యదర్శే సమావేశం పిలవాలని రాయండి. రెండు నెలలకోసారి జరగాల్సిన గ్రామసభలో ఆ రిజిస్టర్ పైకి చదవాలని రాయండి. 'చదవవచ్చు' అని మాత్రం రాయకండి.

– ఒక పాఠకుడు, నల్గొండ జిల్లా